సముద్రం మధ్యలో ఒక ఇంజను ఆగిపోతే? చిత్తూరు నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

చిత్తూరు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. "మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. పురిటికి వెళ్ళాలి. బెంగళూరు నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి నేరుగా శాన్ ఫ్రాన్సిస్కోకు అల్లుడు టికెట్ తీశాడు. ఆ విమానానికి రెండే ఇంజన్లట. గంటల తరబడి కింద నేల కనిపించదట. ఒక ఇంజను ఆగిపోతే గతి ఏమిటి? నాలుగు ఇంజన్ల విమానం చూసుకుని ఎక్కడం మంచిది కాదా? మా వారు ఏమీ కాదంటున్నారు గానీ నాకు నిద్ర పట్టడం లేదు."

అమ్మా, నేను తిరుపతివాడిని. ముప్పై ఏళ్ళకు పైగా విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ సర్వీసులో ఎక్కువ భాగం మీరు ఎక్కబోయేలాంటి రెండు ఇంజన్ల పెద్ద విమానాల దగ్గరే గడిచింది. ముందు మీకు కావలసిన మాట చెప్తాను: ధైర్యంగా ఎక్కండి. నా భార్యను, నా పిల్లలను అవే విమానాల్లో పంపాను. అయితే "ఏమీ కాదు" అన్న ఒక్క మాటతో మీకు నిద్ర పట్టదు. పట్టకపోవడం తప్పు కూడా కాదు. మీకు కలిగిన సందేహమే ఈ రంగంలో పెద్దవాళ్ళందరికీ కలిగింది. దానికి సమాధానం వెతకడానికి వాళ్ళకు ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

1953లో అమెరికాలో ఒక నియమం పెట్టారు. రెండు ఇంజన్ల విమానమైనా, మూడు ఇంజన్ల విమానమైనా దారిలో ఏ క్షణంలోనూ దిగడానికి తగిన విమానాశ్రయానికి 60 నిమిషాలకు మించిన దూరంలో ఉండకూడదు. అప్పటివి పిస్టన్ ఇంజన్లు, అవి ఆగిపోవడం అరుదేమీ కాదు. అందువల్ల ఆ జాగ్రత్త న్యాయమైనదే. తర్వాత జెట్ ఇంజన్లు వచ్చాయి. 1964లో మూడు ఇంజన్ల వాటికి ఆ కట్టుబాటు తీసేశారు, రెండు ఇంజన్ల వాటికి ఉంచారు. మహాసముద్రాలు దాటాలంటే మూడో నాలుగో ఇంజన్లు కావాలన్న అభిప్రాయం అలా స్థిరపడిపోయింది. మన తరం వాళ్ళకు 'జంబో' అంటే నాలుగు ఇంజన్లు, నాలుగు ఇంజన్లంటే భద్రత. మీ మనసులో ఉన్నది ఆ కాలపు లెక్కే.

ఈ 60 నిమిషాలను ఎలా కొలుస్తారో ముందు తెలుసుకోవాలి. రెండు ఇంజన్లూ బాగా ఉన్నప్పటి వేగంతో కొలవరు. ఒక ఇంజను ఆగిపోయి, రెండో దాని మీదే, గాలి ఎటూ వీచని వాతావరణంలో ఎంత దూరం పోగలదో ఆ దూరమే లెక్క. మన దగ్గర ఉదాహరణ చూడండి. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) సుమారు 1,370 కిలోమీటర్లు. దారి మధ్యలో ఉన్నవారికి వెనక్కి చెన్నై, ముందుకు పోర్ట్ బ్లెయిర్ రెండూ దాదాపు 685 కిలోమీటర్లు. మనం దేశంలో ఎక్కే మామూలు జెట్ విమానం ఒక్క ఇంజనుతో గంటలో దాదాపు 700 కిలోమీటర్లు వెళ్ళగలదు. అంటే ఆ ప్రయాణం గంట గిరిలోనే ఇముడుతుంది. మన ఊరి వాళ్ళు ఎందరో అండమాన్ చూసి వచ్చి ఉంటారు. బంగాళాఖాతం నడిమధ్యన కూడా తాము ఆ గిరి దాటలేదని వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.

గంట గిరి దాటి వెళ్ళడానికి ఇచ్చే అనుమతినే ఈటాప్స్ అంటారు. 1985లో అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ దీనికి నియమావళి రాసి 120 నిమిషాల దాకా అనుమతించింది. బోయింగ్ 767 విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాయి. 1988లో అది 180 నిమిషాలైంది. దాంతో పసిఫిక్ కూడా రెండు ఇంజన్ల విమానాలకు చాలావరకు తెరుచుకుంది. అయితే ఈ అనుమతి విమానం కొన్నప్పుడు దానితో పాటు వచ్చే వస్తువు కాదు. ఆ రకం విమానానికి, దానికి బిగించిన ఆ రకం ఇంజనుకు ఒక అనుమతి ఉంటుంది. నడిపే కంపెనీకి వేరే అనుమతి ఉంటుంది. ఈ రెండూ ఉన్నా, ఆ రోజు ఆ విమానం ఆ దారిన పోవడానికి తగిన స్థితిలో ఉందని ఒక మనిషి పరీక్షించి సంతకం పెట్టాలి. ఆ సంతకాలు నేనూ ఎన్నో పెట్టాను, ఆ మాట తర్వాత చెప్తాను.

ముందు మీ అసలు ప్రశ్నకు వద్దాం: నడిసముద్రంలో ఆగిపోతే ఎటు పోతారు? దీనికి విమానం ఎందుకు, అలిపిరి మెట్లు చాలు. 3,550 మెట్లు. మీ అత్తగారితో కలిసి నడిచి కొండెక్కుతున్నారనుకోండి. దారిలో ఆమెకు మోకాలు పట్టేసింది. కిందికి దిగిపోవాలా, పైకే పోవాలా? గాలిగోపురం దాకా రాకముందే పట్టేస్తే దిగిపోతారు. మోకాళ్ళ పర్వతం దగ్గర పట్టేస్తే ఎలాగో పైకే చేరుస్తారు. ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఒక మెట్టు ఉంటుంది. అక్కడి నుంచి పైకి పోయినా, కిందికి దిగినా ఒకే సమయం పడుతుంది. అది మెట్ల లెక్కలో సరిగ్గా సగం కాదు. దిగడం తేలిక, ఎక్కడం కష్టం కాబట్టి ఆ మెట్టు సగానికి పైనే ఉంటుంది. ఆ మెట్టు ఏదో బయలుదేరే ముందే తెలిసి ఉంటే, నొప్పి వచ్చిన తర్వాత దారిలో నిలబడి వాదించుకోనక్కర్లేదు.

ఆకాశంలో ఎక్కడం, దిగడం అన్న తేడా తెచ్చేది గాలి. ఎదురుగాలి ఉంటే ఆ సమాన సమయపు చోటు ముందుకు జరుగుతుంది, వెనుక నుంచి వీచే గాలి ఉంటే వెనక్కి జరుగుతుంది. అందుకే ప్రతి ప్రయాణానికీ ఆ రోజు గాలుల అంచనాతో కొత్తగా లెక్క కడతారు. మీ దారిలో రెండేసి విమానాశ్రయాలను జంటలుగా పెట్టుకుని, ఏ జంటకు ఆ చోటు ఎక్కడ పడుతుందో అక్షాంశ రేఖాంశాలతో సహా కాగితం మీద గుర్తిస్తారు. కాక్‌పిట్‌లో కూర్చున్నవారికి ఈ నిమిషంలో ఇంజను ఆగితే ఎటు తిప్పాలో ముందే తెలుసు. గుర్తు దాటగానే ఆ జవాబు మారుతుంది, మారిన సంగతీ వాళ్ళకు తెలుసు. మీరు భోజనం చేసి కునుకు తీస్తున్నంతసేపూ ఈ లెక్క నడుస్తూనే ఉంటుంది.

ఆ విమానాశ్రయాలు పటం మీద చుక్కలుగా ఉంటే చాలదు. మనం అక్కడికి చేరే అవకాశమున్న తొలి నిమిషం నుంచి చివరి నిమిషం వరకు వాతావరణ సూచన బాగుండాలి. అదీ మామూలుగా దిగడానికి సరిపోయేంత కాదు, అంతకన్నా మెరుగ్గా ఉండాలి. రన్‌వే పొడవు, దీపాలు, అగ్నిమాపక ఏర్పాట్లు ఉండాలి. అక్కడ మంచు తుఫాను వస్తుందని సూచన ఉంటే ఆ ఊరిని జాబితా నుంచి కొట్టేస్తారు. దాని బదులు పెట్టుకోవడానికి ఇంకొకటి దొరకకపోతే విమానం వేరే దారిన పోతుంది, లేదా ఆగిపోతుంది. కారణం చెప్పకుండా ఆలస్యమైందని ప్రయాణికులు తిట్టుకునే సందర్భాల్లో కొన్నింటి వెనుక ఇదే ఉంటుంది.

ఇక ఇంజను సంగతి. 120 నిమిషాల అనుమతికి వెయ్యి ఇంజను గంటలకు 0.05 సార్లకు మించి గాలిలో ఆగకూడదని లక్ష్యం పెట్టారు. 180కి అది 0.02. అంతకు మించిన దూరాలకు 0.01. ఈ దశాంశాలు చూస్తే ఏమీ బోధపడదు కాబట్టి తిరగేసి చెప్తాను. 0.02 అంటే 50 వేల గంటలకు ఒకసారి. రోజుకు 12 గంటలు తిరిగే ఇంజను 11 ఏళ్ళకు పైగా నడిస్తే ఒకసారి. 0.01 అంటే లక్ష గంటలకు ఒకసారి. ఇది సగటు. లెక్క పెట్టేది ఒక ఇంజనుకు కాదు, ఆ రకం ఇంజన్లన్నింటికీ కలిపి. ఎక్కడ ఏ ఇంజను ఆగినా నివేదిక పోవాలి. లెక్క చెడితే కారణం వెతకాలి, అవసరమైతే నిమిషాలు తగ్గిస్తారు. ఒకసారి సంపాదించిన అనుమతి ఊరికే నిలబడదు. కష్టపడి నిలబెట్టుకోవాలి.

ఇక్కడ మీరు సూటిగా అడగవచ్చు: "ఒకటి ఆగడం అంత అరుదైతే, రెండూ ఆగడం మరీ అరుదు కదా?" అవును, ఒక షరతు మీద. రెండూ వేర్వేరు కారణాలతో ఆగినప్పుడే ఆ లెక్క నిజం. ఒకే పొరపాటు రెంటికీ తగిలితే రెండైనా ఒకటే, నాలుగైనా ఒకటే. నా ఉద్యోగమంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

1983 మే 5న మయామీ నుంచి నాసౌకు ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి ట్రైస్టార్ విమానం ఒకటి బయలుదేరింది. దానికి మూడు ఇంజన్లు. లోపల 172 మంది. అంతకుముందు రాత్రి మెకానిక్కులు మూడు ఇంజన్లలోనూ చిప్ డిటెక్టర్లు మార్చారు. చిప్ డిటెక్టర్ అంటే మన బొటనవేలంత అయస్కాంతపు బిరడా. ఆయిల్ దారిలో ఉండి, అరిగిన లోహపు పొడిని పట్టుకుంటుంది. దాని మెడకు సన్నని రబ్బరు వలయాలు ఉండాలి. వాటిని ఓ-రింగులు అంటాం. అవి లేకపోతే ఆయిల్ కారిపోతుంది. మామూలుగా వలయాలు తొడిగి సిద్ధంగా ఉంచిన బిరడాలే వాళ్ళ చేతికి వచ్చేవి. ఆ రాత్రి స్టోరు నుంచి తెచ్చిన వాటికి వలయాలు లేవు. చేతికి వచ్చినవి వచ్చినట్టే బిగించేశారు, మూడింటికీ. గాలిలోకి లేచాక ముందు ఒక ఇంజనుకు ఆయిల్ పీడనం పడిపోయింది. దాన్ని ఆపి వెనక్కి తిరిగారు. ఆ తర్వాత మిగిలిన రెండూ ఆగిపోయాయి. కింద సముద్రం. విమానం దాదాపు 4,000 అడుగులకు దిగేసరికి, మొదట తామే ఆపిన ఇంజను తిరిగి రాజుకుంది. దాంతోనే మయామీ చేరారు. అందరూ క్షేమం.

మూడు ఇంజన్లు, ఒకే రాత్రి, ఒకే రకం పొరపాటు. కాపాడింది ఇంజన్ల సంఖ్య కాదు, ఆయిల్ పూర్తిగా పోకముందే ఒకదాన్ని ఆపడం. మరో ఉదాహరణ: 1982 జూన్ 24న బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి జంబో జెట్ జావా దీవి దగ్గర గలుంగుంగ్ అగ్నిపర్వతపు బూడిద మేఘంలోకి రాత్రిపూట తెలియకుండా దూరింది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. బూడిద నుంచి బయటపడ్డాకే అవి తిరిగి అంటుకున్నాయి. జకార్తాలో దిగారు. నాలుగు ఇంజన్ల విమానం కావాలని మీరడిగారు కాబట్టి ఈ సంగతి చెప్పాను.

ఈటాప్స్ నియమాల్లో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది దీనికి సంబంధించిన నియమం మీదే. ఒకే మనిషి ఒకే సందర్భంలో రెండు ఇంజన్ల మీద ఒకే పని చేయకూడదు. ఎడమ ఇంజనులో నేను బిరడా మారిస్తే, కుడి ఇంజనులో ఇంకొకరు మార్చాలి. లేదా ఆ పని ఇంకో రోజుకు వాయిదా పడాలి. తప్పనిసరైతే ఇంకో అర్హుడు పక్కన నిలబడి పరీక్షించాలి, ఆ తర్వాత ఇంజను నడిపి చూడాలి. మనుషులు తక్కువగా ఉన్న రాత్రి, తెల్లవారితే విమానం పోవలసి ఉన్నప్పుడు, ఈ నియమం ఎంత బరువుగా తోస్తుందో అనుభవించిన వారికే తెలుస్తుంది. "నువ్వే చేసేయ్, నీకు తెలిసిన పనేగా" అనే గొంతు ప్రతిచోటా ఉంటుంది. తెలిసిన పని కాబట్టే వద్దు. ఒక ఇంజను మీద పొరపడ్డ చేయి, రెండో ఇంజను మీదా అదే నమ్మకంతో పొరపడుతుంది.

నా సర్వీసులోని ఒక సంఘటన చెప్తాను, కంపెనీ పేరు అక్కర్లేదు. రాత్రి వచ్చిన విమానం తెల్లవారుజామున సముద్రం దాటి పోవాలి. ఇంజను ఆపాక ఆయిల్ చూడడానికి నిర్ణీత వ్యవధి ఉంటుంది. బాగా చల్లారాక చూస్తే మట్టం సరిగా తెలియదు. నిచ్చెన వేసుకుని ఎక్కి, చిన్న తలుపు తెరిచి, టార్చిలైటుతో మట్టం చూసి డబ్బాలు లెక్కపెట్టుకుంటూ పోశాను. ఆ ఇంజను రోజూ రెండు, మహా అయితే మూడు డబ్బాలు తాగేది. అంతకుముందు రోజు నాలుగు పోసినట్టు లాగ్‌లో ఉంది. ఆ రాత్రి ఐదు పట్టాయి. కంపెనీ పుస్తకంలో రాసిన హద్దు ఇంకా దాటలేదు. మామూలు దారిన పోయే విమానమైతే సంతకం పెట్టడంలో తప్పేమీ లేదు. కానీ ఈ దారిలో పోయే విమానానికి ప్రతి ప్రయాణం తర్వాతా ఆయిల్ లెక్క చూడమన్నది హద్దు దాటిందా లేదా అని చూడడానికే కాదు, ఆ లెక్క ఎటు నడుస్తోందో చూడడానికి. రెండు, నాలుగు, ఐదు అంటే మెట్లు ఎక్కుతోందన్న మాట.

సంతకం పెట్టలేదు. కవచాలు తెరిపించాను. కింద ఒక గొట్టం జాయింటు దగ్గర తడి, దాని వెంబడి సన్నని నల్లటి చార. వేలితో తుడిస్తే పోయింది, ఇంజను తిప్పి చూస్తే మళ్ళీ వచ్చింది. లోపలి సీలు పాడైంది. ఆ విమానాన్ని సముద్రపు దారి నుంచి తప్పించి ఇంకొకదాన్ని తెచ్చారు. నాలుగు గంటల ఆలస్యం. గేటు దగ్గర ఒక పెద్దాయన తన మనవడి ఉపనయనానికి అందుకోలేనేమోనని సిబ్బందిని అడుగుతూ కన్నీళ్ళు పెట్టుకున్నాడని తర్వాత తెలిసి బాధపడ్డాను. అయినా అలాంటి రాత్రి మళ్ళీ వస్తే అదే చేస్తాను.

ఇంజను గురించే ఇంత చెప్పాను గానీ, నిజానికి ఈ నియమాల్లో ఇంజను ఒక భాగం మాత్రమే. గంటల తరబడి నేలకు దూరంగా ఉండే విమానానికి ఇంకా మూడు భయాలున్నాయి: కరెంటు, మంట, ఇంధనం.

కరెంటు గురించి క్లుప్తంగా చెప్తాను. ప్రతి ఇంజనుకూ జనరేటర్ ఉంటుంది. తోక భాగంలో ఏపీయూ అనే చిన్న ఇంజను మరొకటి ఉంటుంది. నేల మీద ఏసీ ఇచ్చేది అదే. గంటల తరబడి పై ఎత్తులో గడ్డకట్టే చలిలో ఉన్నాక కూడా అది పిలిస్తే పలకాలి. పలుకుతుందో లేదో ప్రయాణాల మధ్యలోనే అప్పుడప్పుడూ స్టార్ట్ చేయించి రికార్డు రాసేవాళ్ళం.

మంట సంగతి వేరు. 1987 నవంబరు 28న దక్షిణాఫ్రికా ఎయిర్‌వేస్ వారి జంబో జెట్ తైపేయి నుంచి వస్తూ సరుకుల భాగంలో నిప్పు అంటుకుని మారిషస్ దగ్గర సముద్రంలో కూలిపోయింది. 159 మంది పోయారు. దాని నాలుగు ఇంజన్లకూ ఆ నిప్పుతో సంబంధం లేదు. అందుకే విమానం ఎన్ని నిమిషాల దూరం పోవచ్చన్నది ఇంజను ఒక్కటే తేల్చదు. కింది సరుకుల గదిలో మంట లేవకుండా అణిచి ఉంచే వాయువు ఎంతసేపు పనిచేస్తుందో, అందులోంచి 15 నిమిషాలు తీసేయాలి. ఆ మిగిలినదాన్ని మించి దూరం పోకూడదు. ఆ 15 నిమిషాలు దిగే ప్రయత్నానికి. వాయువు సీసాల బరువు, పీడనం చూడడం మా పనిలో భాగం. 2024 జూలైలో మీరు వెళ్ళబోయే ఇదే ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో దారిలో, సరుకుల గది దగ్గర ఏదో తేడా ఉందన్న సూచన రాగానే ఎయిర్ ఇండియా పైలట్లు రష్యాలోని క్రాస్నోయార్స్క్‌లో దిగేశారు. అది నిజమైన మంటేనా అని గాలిలో కూర్చుని తర్కించలేదు. అదే సరైన పని.

ఇంధనం లెక్క విన్నాక మా బంధువులు చాలామంది ఆశ్చర్యపోయారు. ఇంజను ఆగడం కన్నా ఎక్కువ ఇంధనం తాగే సందర్భం ఇంకొకటుంది: క్యాబిన్‌లో గాలి పీడనం పోవడం. అప్పుడు అందరూ మామూలుగా ఊపిరి పీల్చుకోవడానికి 10,000 అడుగుల దాకా దిగిపోవాలి. అక్కడ గాలి దట్టంగా ఉంటుంది కాబట్టి జెట్ ఇంజన్లు విపరీతంగా తాగుతాయి. లెక్క ఎలా కడతారంటే, ఇందాకటి సమాన సమయపు చోట, అంటే అన్నింటికన్నా చెడ్డ చోట పీడనం పోయిందనుకుంటారు. దాంతోపాటు ఒక ఇంజను కూడా ఆగిందనుకుని ఇంకో లెక్క కడతారు. గాలి అంచనా తప్పవచ్చని కొంత కలుపుతారు, రెక్కల మీద మంచు పేరుకుంటుందని కొంత కలుపుతారు, చేరాక పైన 15 నిమిషాలు చక్కర్లు కొట్టడానికి కలుపుతారు. ఈ లెక్కల్లో దేనికి ఎక్కువ ఇంధనం కావాలని తేలితే అంత ఇంధనం ఆ చోట మిగిలి ఉండేట్టు బయలుదేరాలి.

ఇన్ని లెక్కలు కట్టినా మనిషి పొరపాటు చొరబడదని నేను అనను. 2001 ఆగస్టు 24న టొరంటో నుంచి లిస్బన్‌కు పోతున్న ఎయిర్ ట్రాన్సాట్ విమానంలో కుడి ఇంజను దగ్గర ఇంధనం కారిపోయింది. కొద్దిరోజుల ముందు ఇంజను మార్చినప్పుడు ఒకదానితో ఒకటి సరిపడని భాగాలు బిగించారు. గొట్టాలు రాసుకుని చిల్లు పడింది. పైలట్లు తెలియక మంచి వైపు ఇంధనాన్ని కూడా అటే మళ్ళించారు. రెండు ఇంజన్లూ ఆగాయి. 19 నిమిషాలు ఇంజను లేకుండా గాలిలో జారుకుంటూ వచ్చి అజోర్స్ దీవుల్లోని లాజెస్‌లో దిగారు. 306 మందీ బతికారు. నేను ఈ కథ కుర్ర ఇంజనీర్లకు చెప్పినప్పుడల్లా వాళ్ళు పైలట్ నైపుణ్యం గురించి మాట్లాడేవారు. నేను మాత్రం ఆ గొట్టాల మధ్య ఉండవలసిన ఖాళీ గురించే మాట్లాడేవాణ్ణి. భాగం నంబరు సరిపోలనప్పుడు పని ఆపి అడగాలి. ఆపితే ఎవరు ఏమంటారోనన్న భయం ఉండకూడదు.

అహ్మదాబాద్ మాట మీరు అడగలేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. 2025 జూన్ 12న జరిగిన ఆ ఘోరం టేకాఫ్ అయిన క్షణాల్లోనే, ఊరి మీదే జరిగింది. నేలకు దూరంగా పోయే నియమాలకూ దానికీ సంబంధం లేదు. పోయినవారి కుటుంబాలు ఇంకా జవాబు కోసం చూస్తున్న విషయం మీద నేను ఊహలు రాయను.

మరి నిజంగా నడిదారిలో ఒక ఇంజను ఆగితే మీకేం తెలుస్తుంది? చాలావరకు ఏమీ తెలియదు. శబ్దం కొంచెం మారుతుంది. విమానం పడిపోదు. ఒక్క ఇంజనుతో అంత ఎత్తున నిలవలేదు కాబట్టి నిదానంగా కిందికి, తనకు అనువైన ఎత్తుకు దిగుతుంది. కాసేపటికి కెప్టెన్ గొంతు వినిపిస్తుంది. 2003 మార్చిలో ఆక్లండ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు పోతున్న యునైటెడ్ వారి బోయింగ్ 777 ఒక ఇంజను ఆపి, పసిఫిక్ మీద దాదాపు 3 గంటలు రెండో దానితోనే పోయి హవాయిలోని కోనాలో దిగింది. ఆ 3 గంటలు లోపల ఉన్నవారికి ఎంత పొడుగ్గా గడిచి ఉంటాయో ఊహించగలను. కానీ ఆ ఇంజను ఆ పనికోసమే పరీక్షలకు నిలిచింది.

నాలుగు ఇంజన్ల విమానం వెతుక్కోవడం ఇప్పుడు కుదిరే పని కూడా కాదు. ఎయిర్‌బస్ 340 తయారీ 2011లో, 380 తయారీ 2021లో ఆగిపోయాయి. చివరి జంబోను 2023 జనవరిలో కొన్నవారికి అప్పగించారు. మరోవైపు బోయింగ్ 777కు 2011లో, 787కు 2014లో 330 నిమిషాల దాకా అనుమతి వచ్చింది. ఎయిర్‌బస్ 350కి 2014లో 370 వచ్చింది. ఇంకో మార్పు కూడా జరిగింది. 2007లో అమెరికా, నేలకు చాలా దూరంగా పోయే మూడు, నాలుగు ఇంజన్ల ప్రయాణికుల విమానాలకు కూడా ఈ జాగ్రత్తలే వర్తింపజేసింది. మంటకూ చలికీ ఇంజన్ల లెక్క తెలియదు కదా. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కూడా ఈటాప్స్ పేరు మార్చి ఈడీటీఓ అంటోంది. మేము మాత్రం పాత అలవాటు కొద్దీ ఈటాప్స్ అనే అంటాం.

చివరగా మీకు నిజంగా పనికొచ్చే మాట. 2023 జూన్ 6న, మీ దారిలోనే, 216 మంది ప్రయాణికులతో శాన్ ఫ్రాన్సిస్కో పోతున్న ఎయిర్ ఇండియా 777లో ఒక ఇంజనుకు సాంకేతిక సమస్య వచ్చి, రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. ఈ జవాబంతా నేను వివరించిన పద్ధతి అక్కడ పనిచేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అది చిన్న ఊరు. అంతమందికి హోటళ్ళు లేక బడిలో, వసతి గృహాల్లో పడుకోవలసి వచ్చింది. భాష తెలియదు, తిండి కొత్త. ముంబై నుంచి ఇంకో విమానం వెళ్ళి వారిని గమ్యం చేర్చింది. ఇలాంటిది మీకు జరిగే అవకాశం బహు తక్కువ. జరిగితే మాత్రం మీకు ఎదురయ్యేది ప్రాణభయం కాదు, చలి, మందులు, ఓపిక.

కాబట్టి ఆవకాయ, సున్నిపిండి, పాపాయికి కుట్టించిన జుబ్బాలు పెద్ద పెట్టెలో పోనివ్వండి. మీ బీపీ, షుగర్ మాత్రలు కనీసం నాలుగు రోజులకు సరిపడా, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలో పెట్టుకోండి. ఒక స్వెటరు, మేజోళ్ళు, అమ్మాయి ఫోన్ నంబరు కాగితం మీద రాసి అందులోనే ఉంచండి. మీ వారి మాత్రలు కూడా అందులోనే వేయండి, ఆయన తప్పకుండా పెద్ద పెట్టెలో పెట్టేసి ఉంటారు.